ముప్పై ఒకటో నంబరు

ఆమెకు ఉన్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒకటే: తమ్ముడు తనకు చెప్పకుండా ఎటైనా వెళ్లిపోతాడని.

ఆ ఉదయం వసారాలో వాడి మంచం ఖాళీగా ఉంది.

పక్క చుట్టి, తాడు కట్టి, గోడకు ఆనించి ఉంది. వాడు ఏనాడూ పక్క చుట్టిన పాపాన పోలేదు. వాడికి ఊహ తెలిసినప్పటినుంచీ ఆమే చుడుతోంది, ఆమే తిడుతోంది. "నీ పక్క చుట్టడానికి పెళ్లాం రావాలిరా" అంటే, "అందాకా అక్క ఉందిగా" అనేవాడు. ఇవాళ అంచుకు అంచు కలిపి మరీ చుట్టాడు. పరాయి ఇంట్లో ఒక్క రాత్రి తలదాచుకున్నవాడు వెళ్తూ వెళ్తూ చుట్టినట్టు.

వెల్డింగు చేసేటప్పుడు ముఖానికి పెట్టుకునే నల్లద్దాల ముసుగు మేకుకే వేలాడుతోంది. సంచీ లేదు. చెప్పులు లేవు.

పాపను చంకనేసుకుని వంటింటి గడపలో నిలబడింది. "అత్తయ్యా, తమ్ముడేడీ?"

అత్తగారు చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "నన్నడుగుతావేం? నేనేమన్నా వాడికి కాపలా ఉన్నానా? తెల్లారకముందే గడియ చప్పుడయింది. పాలవాడేమో అనుకున్నా."

"లేచి చూడలేదా?"

"చూస్తే? కాళ్లు పట్టుకుని ఆపేదాన్నా? మగపిల్లాడు, కాళ్లూ చేతులూ ఉన్నాయి, పోయాడు. నలుగురిలో తలెత్తుకు తిరగలేక పోయుంటాడు. చేసిన పని అలాంటిది మరి."

చేసిన పని. ఎనిమిది రోజులుగా ఆ ఇంట్లో అందరూ ఆ మాట చుట్టూ కాలు కాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. పొలాల కింద వేస్తున్న గ్యాసు గొట్టంలో ముందుగా నీళ్లు నింపి, ఒత్తిడి పెంచి, ఒక పగలూ ఒక రాత్రీ అలాగే ఉంచుతారు. గేజిలో ముల్లు కదలకూడదు. ఎనిమిది రోజుల కిందట ముల్లు కదిలింది. ఎక్కడ నేల చెమ్మగిల్లిందో వెతికి తవ్వితే 214వ జాయింటు వెంట్రుకవాసి చీలి ఉంది. పక్కన పసుపు రంగుతో వెల్డరు నంబరు: 31.

ముప్పై ఒకటి తమ్ముడి నంబరు. నిన్న విచారణలో వాడి వెల్డరు కార్డు తీసేసుకున్నారు. శనివారం దాన్ని రద్దు చేస్తారట. రద్దయిన కార్డున్నవాడిని ఏ గొట్టాల పనిలోనూ గేటు దాటనివ్వరు.

పెరటి అరుగు మీద ఆమె భర్త బూట్లు తొడుక్కుంటున్నాడు. ఇరవై మంది వెల్డర్ల మీద పెద్దమేస్త్రీ అతను. తమ్ముడికి ఈ విద్య నేర్పింది కూడా అతనే.

"ఏమండీ, వాడు వెళ్లిపోయాడు."

"ఊఁ."

"ఊఁ ఏంటండీ? మీకు ముందే తెలుసా?"

"ఉంటే మాత్రం ఏం చేస్తాడిక్కడ? కార్డు లేనివాడికి కందకం దగ్గర ఏం పని, మట్టి మొయ్యడమా?"

"వాడి చెయ్యి మీకు తెలుసు కదా. 'నా దగ్గర పనిచేసిన వాళ్లలో వీడిదే చెయ్యి' అని పోయిన నెల మీరే అన్నారు. అలాంటి చీలిక వాడి పనిలో వస్తుందని మీరు నమ్ముతున్నారా?"

అతను లేసు కొన వేళ్లతో నలిపి కన్నంలోకి దూర్చబోయాడు. తప్పింది. మళ్లీ దూర్చాడు. మళ్లీ తప్పింది. ఆమె అలవాటు చొప్పున వంగి, పాపను ఇంకో చంకకు మార్చుకుని, లేసు ఎక్కించి ముడేసింది. ఈ మధ్య రోజూ ఆ పని ఆమెదే.

"ఎంత చేయి తిరిగినవాడికైనా ఒక్కోసారి చేయి జారుతుంది," అన్నాడతను లేస్తూ. "ఆ సంగతి ఇక ఇంట్లో ఎత్తకు."

బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు. మామ మంచం వైపు చెయ్యి చాపి పాప "మా... మా..." అంది. పద్దెనిమిది నెలల పిల్లకు ఖాళీ మంచానికీ మామకూ తేడా ఇంకా తెలియదు.

*

పది గంటలకు పెరటి తలుపు దగ్గర టేపక్క దగ్గింది.

వెల్డింగు అయిన జాయింట్లకు తుప్పు పట్టకుండా నల్లటి టేపు చుట్టే పని ఆవిడది. వేళ్ల సందుల్లో తారు, నోటి నిండా మాటలు. "ఇన్ని వేల జాయింట్లు చుట్టాను గానీ, మా ఆయన నోరొక్కటే చుట్టలేకపోయాను" అని ఎవరినైనా నవ్విస్తుంది. ఇవాళ నవ్వించలేదు.

"అత్తగారు ఉందా?"

"బావి దగ్గరికి వెళ్లింది. కూర్చో అక్కా."

"కూర్చోనులే, నా ఒంటి తారు మీ అరుగుకు అంటుతుంది. నిన్న విచారణకు నన్నూ పిలిచారమ్మాయ్, ఆ జాయింటు చుట్టింది నేనే కదా. నీకు ఎవరైనా చెప్పారా, అక్కడేం జరిగిందో?"

"తప్పు ఒప్పుకున్నాడన్నారు."

"ఒప్పుకోవడం అంటే ఏం ఒప్పుకోవడం!" టేపక్క గొంతు తగ్గించింది. "ఇన్‌స్పెక్టరమ్మ జాయింట్ల పుస్తకం తీసి వాడి ముందు పెట్టింది. '214వ జాయింటు, 31వ నంబరు, ఇది నీ పనేనా?' అంది. అప్పటిదాకా వాడు తాటాకు మంటలా లేచిపోతున్నాడు. 'ఆ జాయింటు నాది కాదండీ, నేను అతకలేదండీ' అని ఒకటే గొడవ. పుస్తకం చూశాడు. అంతే. నోట మాట లేదు."

"ఏం చూశాడు?"

"ఆ పేజీ చూస్తూ ఉండిపోయాడు. వేలితో ఆ అంకె మీద ఇలా రాశాడు, పిల్లలు పలక మీద దిద్దినట్టు. ఆవిడ మళ్లీ అడిగింది. 'ఆ రాత అబద్ధం రాయదండీ' అన్నాడు. సంతకం పెట్టేశాడు. ఎవరిదమ్మా ఆ రాత? మీ ఆయనది కోడి గెలికినట్టు ఉంటుంది. ఇది ముత్యాలు పేర్చినట్టుంది."

ఆమె పాప జుట్టు సవరిస్తూ ఉండిపోయింది.

ఆ ముత్యాలు ఆమెవే.

రోజూ పొద్దుపోయాక భర్త అన్నం తింటూ ఆనాటి జాయింట్లు చెబుతాడు. ఆమె ఎదురుగా కూర్చుని పుస్తకంలో ఎక్కిస్తుంది: జాయింటు నంబరు, వెల్డరు నంబరు, వాతావరణం. ఏడో తరగతితో ఆగిన చదువు అక్కరకొచ్చే పని ఈ ఇంట్లో అదొక్కటే. ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకునేది.

అమ్మ పోయిననాడు తమ్ముడికి ఐదేళ్లు. ఆమె బడి మానింది, వాడు బడికి వెళ్లాడు. ఎడమచేత్తో పలక పట్టాడని పంతులు ఆ చేతి మీదే కొట్టాడు. ఇంటికొచ్చి ఏడిస్తే, ఆమె ఆ ఎడమచేయే పట్టుకుని దిద్దించింది. ఆమె రాసేది, వాడు దాని మీద దిద్దేవాడు. ఒకటి, రెండు, మూడు. లోకంలో ఎవరి రాతను మర్చిపోయినా, ఆ రాతను వాడు మర్చిపోడు.

"అక్కా, ఆ జాయింటు ఏనాటిది?"

"పోయిన నెల పదిహేడో తారీఖు. వాన దంచికొట్టిన మంగళవారం. పుస్తకంలో 'పొడి' అని ఉందమ్మాయ్! నాకక్కడే నవ్వొచ్చింది. నేను టేపు వేస్తుంటే తడికి అంటుకోక చచ్చాను. నా చీర కొంగుతో తుడిచి తుడిచి చుట్టాను."

"నువ్వు వెళ్లేసరికి మావాడు అక్కడున్నాడా?"

టేపక్క ఆలోచించింది. "లేడు. మీ ఆయన ఒక్కడే ఉన్నాడు, నిలువెల్లా తడిసి. 'మీ ఎడంచెయ్యివాడేడీ' అంటే, 'ఇప్పుడే ముగించి టీకి వెళ్లాడు' అన్నాడు."

వాన దంచికొట్టిన మంగళవారం.

టేపక్క వెళ్లాక ఆమె రేకుపెట్టె దించింది. పాప టీకా కార్డు వెనక, మడిచి పెట్టిన ఆసుపత్రి చీటీ. తేదీ పదిహేడు. జ్వరం నూట మూడు. వచ్చిన వేళ ఉదయం తొమ్మిది, పంపిన వేళ సాయంత్రం ఐదున్నర. కింద నర్సు రాసిన ముక్క: వెంట వచ్చినవారు: తల్లి, మేనమామ.

ఆ రోజు ఎనిమిదిన్నర గంటలూ వాడు ఆసుపత్రి వరండాలో పాపను భుజాన వేసుకుని తిరుగుతూనే ఉన్నాడు. "పనికి నాగా పడుతుందిరా" అంటే, "బావ హాజరు వేసేస్తానన్నాడు, నువ్వు పిల్లను చూసుకో" అన్నాడు.

చీటీ పట్టుకునే వంటింట్లోకి వెళ్లింది. గోడకు తగిలించిన పెనం వైపు చూసింది.

ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఈ పెనం నిండా తెల్లటి పొడి ఉంది. గీకితే గానీ పోలేదు. "ఇదేంటత్తయ్యా?" అని అడిగింది. "సున్నం డబ్బా ఒలికింది" అంది అత్తగారు. పెనం మీద సున్నం ఎందుకు ఒలుకుతుందని అడిగే ఓపిక ఆ పూట ఆమెకు లేదు. పాప ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

ఇప్పుడు అడగక్కర్లేదు. వెల్డరు పెళ్లానికి ఆ పొడి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వెల్డింగు రాడ్ల మీద ఉండే పూత అది. రాడ్లు చెమ్మగిల్లితే వాటిని వేడి పెట్టెలో ఆరబెట్టాలి. పెనం మీద కాదు.

*

మధ్యాహ్నం భర్త భోజనానికి వచ్చాడు. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

ఆమె కంచం పెట్టలేదు. అతని ముందు పెనం పెట్టింది. పెనంలో చీటీ పెట్టింది.

అత్తగారు మంచినీళ్ల చెంబుతో వస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటిది?" అన్నాడు అతను.

"చదవండి."

చీటీ తీసి ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. వెలుతురు వైపు తిప్పాడు. "నువ్వే చదువు."

"కనబడదు కదూ?"

అతను చీటీ మడిచి పెనంలో పెట్టేశాడు.

"ఎన్నాళ్లనుంచి?"

అతను గోడతో అన్నట్టు అన్నాడు. "ఏడాది దాటింది. కళ్ల పరీక్షలో తప్పాను. నా కార్డు తీసేసి, 'మేస్త్రీగా ఉండు, చూసుకో, రాడ్డు మాత్రం ముట్టుకోకు' అన్నారు."

"నాకు చెప్పలేదు."

"చెబితే ఏం చేస్తావ్, నీ కళ్లిస్తావా?"

"లేసులు కట్టడానికి నా కళ్లే కావలసొచ్చాయి కదండీ."

అత్తగారు చెంబు ఠంగున కింద పెట్టింది. "చాల్లే అమ్మాయ్! మొగుడు అలసిపోయి తిండికొస్తే పెనం పెట్టి నిలదీస్తావా? ఆ రాడ్లు వేయించి ఇచ్చింది నేనే. వానలో తడుస్తూ వచ్చి, 'అమ్మా, జనరేటరు ఆగిపోయింది, వేడి పెట్టె చల్లారింది, వీటిని కాస్త వెచ్చబెట్టు' అన్నాడు. కన్నకొడుకు అడిగితే చెయ్యనా? నేను వెల్డింగు పరీక్ష రాశానా, ఎంత వెచ్చబెట్టాలో తెలియడానికి?"

"సున్నం అన్నారు."

"అన్నాను. కాపురం నిలబడాలంటే సున్నమూ అంటారు, బెల్లమూ అంటారు."

ఆమె భర్త వైపే చూస్తోంది. "ఆ జాయింటు మీరు అతికారు."

"మర్నాడు పెద్ద ఇంజనీరు వస్తున్నాడు." అతని మాటలు ఇప్పుడు తొందరగా వస్తున్నాయి. "రోడ్డు ఇవతలి గొట్టమూ అవతలి గొట్టమూ కలవాలి. ఒక్కటే జాయింటు మిగిలింది. వానకు వెల్డర్లంతా తలోదిక్కు పోయారు. పాతికేళ్లు చేసిన పని. కళ్లు మూసుకుని చెయ్యగలననుకున్నా."

"మూసుకునే చేశారు."

అతను తల దించుకున్నాడు. ఆ మాట అన్నందుకు ఆమె నాలుక కరుచుకోలేదు.

"మరి నంబరు? మీ నంబరు వేసుకోవచ్చుగా?"

"కార్డు లేనివాడు రాడ్డు పట్టాడంటే ఆ పూటే గెంటేస్తారు. మిగతావాళ్ల నంబరు వేస్తే ఊరుకుంటారా, గొడవ చేస్తారు. వీడైతే..."

"వీడైతే?"

"మనవాడు."

ఆ మాట ఆమె చాలాసార్లు విన్నది. పెళ్లిచూపుల నాడు విన్నది: "మీ తమ్ముడు వేరే, నా తమ్ముడు వేరే కాదు, వాడు మనవాడు." ఆ ఒక్క మాటకే ఆమె ఈ పెళ్లికి తలూపింది.

"పది జాయింట్లకొకదానికి ఎక్స్‌రే ఫోటో తీస్తారు. దానికి తీయలేదు," అన్నాడతను. "మట్టి కిందికి పోయేదే కదా, ఎవడు చూస్తాడనుకున్నా. గొట్టం నిలబడితే వాడికి నష్టం లేదు, నాకూ నష్టం లేదు."

"వాడి నంబరు వేస్తే వేశారు. నా చేత ఎందుకు రాయించారు?"

"రోజూ రాసేది నువ్వేగా."

"మూడు రాత్రులు కన్ను మూయలేదు నేను. పిల్ల నా ఒళ్లో మూలుగుతోంది. 'రాసుకో, రెండువందల పద్నాలుగు, ముప్పై ఒకటి, పొడి' అన్నారు. పొడి అన్నారండీ! అప్పటికి నా చీర అంచు ఇంకా తడిగానే ఉంది. నేను పొడి అని రాశాను."

"నువ్వు అడగలేదుగా," అన్నాడతను మెల్లగా.

ఆమె అతని ముఖంలోకి చూసింది. "అడిగి రాసుకోవాల్సిన ఇల్లనుకోలేదు."

అత్తగారు దగ్గరకొచ్చి గొంతు మార్చింది. "చూడమ్మా. మీ తమ్ముడు ఒంటికాయ సొంఠికొమ్ము. ఈ ఊరు కాకపోతే ఇంకో ఊరు, ఈ పని కాకపోతే ఇంకో పని. వీడికి నువ్వున్నావు, పిల్ల ఉంది, నేనున్నాను. కళ్లు పోయినవాడికి మళ్లీ ఎవడిస్తాడు పని? పోయినవాడు పోయాడు. ఉన్నవాళ్ల సంగతి చూడు."

"వాడు ఒంటికాయ కాదత్తయ్యా. వాడికి నేనున్నాను."

పాపను ఎత్తుకుంది. పెనంలోంచి చీటీ తీసుకుని రవికలో దోపుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

చెప్పులు వేసుకుంది.

"ఆఫీసుకు వెళ్లావంటే..."

"వెళితే?"

ఆమె గుమ్మం దాటింది.

*

సైటు ఆఫీసుకు దగ్గరిదారి గొట్టం వేసిన బాటే. పొలాల మధ్యన కొత్తమట్టి పరిచిన పొడుగాటి చార, చీర మధ్యలో చిరుగు కుట్టినట్టు. అక్కడక్కడా పసుపు రాళ్లు పాతారు, కింద గొట్టముంది తవ్వొద్దని. మట్టి పూడ్చిన చోట ఏమీ మొలవలేదు ఇంకా.

214వ జాయింటు ఉన్న గొయ్యి అలాగే తెరిచి ఉంది. చీలిన ముక్కను కోసి తీసుకుపోయారు. గొట్టం రెండు కొనలూ నోళ్లు తెరుచుకుని ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. పాప తొంగిచూడబోతే ఆమె గట్టిగా అదుముకుంది.

రేకుల షెడ్డులో ఇన్‌స్పెక్టరమ్మ బల్లమీద ఆ ముక్కే ఉంది. ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఎవరమ్మా?" అంది.

"ముప్పై ఒకటో నంబరు అక్కనండీ. ఆ పుస్తకం రాసింది నేనే."

ఆవిడ చేతిలో కలం పక్కన పెట్టింది. కుర్చీ జరిపింది. ఆమె కూర్చోలేదు, చీటీ తీసి ఇచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ తేదీ చూసింది. వేళ చూసింది. అడుగున రాసిన ముక్క రెండుసార్లు చదివి, చీటీ తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

"ఈ రోజంతా వాడు నీతోనే ఉన్నాడా?"

"ఒక్క క్షణం కదల్లేదండీ. పిల్ల వాడి భుజం దిగితే ఏడ్చేది."

"నాకు అప్పుడే అనుమానమొచ్చింది," అంది ఆవిడ, చీలిన ముక్క మీద వేలితో గీస్తూ. "ఎడమచేతివాడు మొదలుపెట్టే చోటు వేరుగా ఉంటుంది. ఇది కుడిచేతి పని. కానీ నేనేం చెయ్యను? నాది కాదు, నాది కాదు అన్నవాడు, పుస్తకం చూడగానే నాదే అని సంతకం పెట్టాడు. నీ చీటీ ఒకవైపు, వాడి సంతకం ఇంకోవైపు. వాడొచ్చి ఆ సంతకం వెనక్కి తీసుకుంటే తప్ప ఈ చీటీకి బలం లేదు. శనివారం సాయంత్రం ఐదు గంటల్లోపు రావాలి. ఆ తర్వాత కార్డు రద్దయితే నా చేతిలో ఉండదు."

"వస్తాడండీ. తీసుకొస్తాను." ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

"సరే. మరి ఇది ఎవరి పని?"

షెడ్డు రేకులు ఎండకు టపటపమంటున్నాయి. పాప ఆమె చెవి పట్టుకుని లాగుతోంది. ఒక్క మాట. ఆ మాట అంటే పీట కదులుతుంది, పొయ్యి కదులుతుంది, తలమీది కప్పు కదులుతుంది. అనకపోతే, పుస్తకంలో రాసినట్టే మళ్లీ ఇంకోసారి రాసినట్టు. ఈసారి తెలిసి.

"ఈ పిల్ల తండ్రిదండీ," అంది.

*

బయటికొస్తే, బండి ఆనుకుని భర్త నిలబడి ఉన్నాడు. లేసులు ఊడి నేలమీద పడి ఉన్నాయి.

"చెప్పేశావా?"

"చెప్పాను."

కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. అదే ఆమెను భయపెట్టింది.

"వాడు రాడు," అన్నాడు. "నువ్వెన్ని చెప్పినా వాడొచ్చి ఆ సంతకం వెనక్కి తీసుకోడు."

"ఎందుకు రాడు? నాకు తెలియక రాశానని చెబితే పరుగెత్తుకొస్తాడు."

అతను బండి హ్యాండిలు మీద లేని మట్టిని గోటితో గీకుతున్నాడు.

"ఏమండీ."

"నిన్న విచారణ అయ్యాక నాతోనే నడిచొచ్చాడు," అన్నాడు ఎట్టకేలకు. "దారంతా ఏం మాట్లాడలేదు. ఇంటి మలుపు దగ్గర ఆగి ఒక్కటే అడిగాడు. 'బావా, అక్కకు తెలుసా?' అని."

"మీరేమన్నారు?"

అతను తన బూట్ల వైపు చూస్తున్నాడు.

"నాకు తెలియదని చెప్పారు కదా?"

గాలికి మట్టి లేచింది. పాప కళ్లు నులుముకుంది.

"తెలుసని చెప్పారా?"

పాతికేళ్లు నిప్పు ముందు కూర్చున్న ఆ ముఖం ఇప్పుడు ఆమె ముందు పైకి లేవడం లేదు. అంతకన్నా పెద్ద జవాబు ఆమెకు అక్కర్లేకపోయింది.

పక్క ఎందుకు అంత బాగా చుట్టాడో అప్పుడు అర్థమైంది.

బస్టాండుకు ఎలా చేరిందో ఆమెకు గుర్తులేదు. కంట్రోలరు కిటికీ దగ్గర, టీకొట్టు దగ్గర, గొట్టాల లారీల డ్రైవర్ల దగ్గర, కనిపించిన ప్రతివాడినీ అడిగింది. ఒక కండక్టరు మాత్రం తల గోక్కుని అన్నాడు: "ఎడమచేత్తో టికెట్టు అందుకున్నాడొకడు, మొదటి బస్సుకు. ఖాకీ సంచీ. నాలుగు రోడ్ల కూడలిలో దిగాడు. మాట్లాడిస్తే పలకలేదమ్మా. ఒంట్లో బాలేదా అని అడుగుదామనుకున్నా, జనం ఎక్కువై మర్చిపోయా."

నాలుగు రోడ్ల కూడలి. అక్కడనుంచి నాలుగు దిక్కులకూ గొట్టాలు వేస్తున్నారు.

ఇవాళ బుధవారం. చంకలో పిల్ల, చేతిలో ఒక చీటీ. ఒక్క మనిషి నాలుగు దారుల్లో ఎలా వెళ్తుంది?

అందుకే, పేపర్లో దీన్ని చదివి పక్కన పెట్టబోతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఊరి పొలాల్లో ఎక్కడైనా కందకం తవ్వి గొట్టాలు దించుతూ ఉంటే, ఒక్కసారి అటు వెళ్లి చూసి రండి. మట్టి మోసేవాళ్లలో, టీకొట్టు బల్లమీద, లారీ నీడన. గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నవాడు ఉంటాడు. కుడి ముంజేతి మీద చింతగింజంత కాలిన మచ్చ. ముందు ఏమీ చెప్పకండి. అన్నం తిన్నావా అని అడగండి. తినకపోతే పెట్టండి. తిన్నాక చెప్పండి: మీ అక్కకు తెలియదయ్యా, శనివారం ఐదింటిలోపు ఇంటికి రా అని.

నమ్మకపోతే, ఆ రాత అబద్ధం రాయదని నువ్వే అన్నావటగా, ఇది కూడా మీ అక్క ఆ చేత్తోనే రాసి పంపిందని చెప్పండి.